కూర్చోనివ్వని బెంచీ

రాజలింగు చేతిలోంచి టేకు పలక జారింది.

కింద పడకముందే గేటు బయటి నుంచి ఎవరో లోపలికి అడుగేసి పట్టుకున్నారు.

యాభై దాటిన మనిషి. తెల్ల అంగీ, చంకలో సంచి. ఇంతకుముందు చూసిన మొహం కాదు.

"ఎవరు నువ్వు?"

"అంబదాస్ అంటరన్నా. ఉట్నూరు దిక్కు నుంచి వచ్చిన. మీ బిడ్డ ముచ్చట జర..."

"ఆగు!"

రాజలింగుకు ఒళ్లు మండిపోయింది.

కూతురు భూమిక పోయి మూడు నెలలు. చెన్నూరు రోడ్డు మీద ఆమె స్కూటీని లారీ గుద్దింది. అప్పటి నుంచి లారీ యజమాని తరఫున రాజీకి మనుషులు వస్తూనే ఉన్నారు. అందరివీ తెల్ల అంగీలే, అందరి చంకల్లోనూ సంచులే. బిడ్డ ముచ్చటతో మొదలుపెట్టి, కేసు వాపసు తీసుకొమ్మని ముగిస్తారు.

"రాజీ గీజీ నా ఇంట్ల నడువది. గా ముచ్చట ఎత్తినవంటే మర్యాద దక్కది."

"నేను గందుకు రాలే అన్నా."

"అందరు గట్లనే అంటరు."

అంబదాస్ నోరు మూసుకున్నాడు. పలక మాత్రం వదల్లేదు.

"పట్టుకుంటే పట్టుకో. నోరు తెరువకు."

రాజలింగు బొగ్గుబాయిలో ముప్పయ్యేళ్లు టింబర్‌మన్. పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం అతని పని. అన్ని దుంగలు నిలబెట్టిన మనిషి, ఇంట్లో బిడ్డ అడిగిన ఒక్క బెంచీ చెయ్యలేదు.

"బాపూ, బస్సు కోసం గేటు ముంగట నిలబడి కాళ్లు గుంజుతున్నయే. ఒక బెంచి చేసియ్యరాదే," అనేది భూమిక.

"వచ్చే ఐతారం బిడ్డా," అనేవాడు.

ఆదివారాలు చాలా వచ్చాయి, పోయాయి. ఒకరోజు ఆ పిల్ల నిలబడలేక ఇంట్లోకి వచ్చి కూర్చుంది. కాలేజీ బస్సు వెళ్లిపోయింది. స్కూటీ తీసింది.

ఇప్పుడు చేస్తున్నాడు బెంచీ. ఎవరి కోసమని అడిగే ధైర్యం భార్య మల్లక్కకు కూడా లేదు.

అతన్ని తినేస్తున్నది ఇంకొకటి ఉంది. పోలీసులను అడిగాడు. ఆస్పత్రిలో కనిపించిన ప్రతివాళ్లనూ అడిగాడు.

"ఆఖరికి నా బిడ్డ ఒక్కతే ఉన్నదా సారూ? ఏమన్నా అన్నదా?"

ఎవరికీ తెలియదు. దారిన పోయేవాళ్లెవరో 108కి ఫోన్ చేశారట. అంతే.

మర్నాడు అంబదాస్ మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

రంపం కోస్తుంటే చెక్క కదలకుండా పట్టాడు. రందా పట్టి పలకలు నున్నగా చేశాడు. వాన నీళ్లు నిలవకుండా పలకల మధ్య వేలంత సందు వదలాలని చేత్తోనే చూపించాడు. నోరు తెరవలేదు.

మల్లక్క చాయ్ పోసి మొగుణ్ని పక్కకు పిలిచింది.

"మంచోని లెక్కనే కనబడ్తుండు. ఏమంటడో జర ఇనరాదు?"

"నీకు తెల్వది. మెత్తగ ఉన్నోళ్లే సంతకం పెట్టిచ్చుకొని పోతరు."

నోరు కట్టేసుకుని, ఊరికే మూడు రోజులు చాకిరీ చేసే రాజీ మనిషి ఎక్కడైనా ఉంటాడా అని అతనికి తోచలేదు. కోపం తోచనివ్వలేదు.

మూడో రోజు సాయంత్రానికి బెంచీ పూర్తయింది. ఇద్దరూ కలిసి గేటు పక్కన పెట్టారు.

అంబదాస్ చెమట తుడుచుకున్నాడు.

"జర కూసుందామా అన్నా? ఒక్కటే మాట. నిలబడి చెప్పేది కాదు."

"కూసుంటవా? గీ బెంచి మీద?" రాజలింగు బెంచీకి అడ్డంగా నిలబడ్డాడు. "ఇది నా బిడ్డది. ఎవ్వరు కూసునేది లేదు. పని అయింది, ఇగ పో. మల్ల రాకు."

అంబదాస్ సంచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. పీడ వదిలిందనుకున్నాడు రాజలింగు.

రెండు నెలల తర్వాత ఒక ఆడమనిషి గేటు ముందు ఆగింది. నుదుట బొట్టు లేదు.

"భూమిక వాళ్ల ఇల్లు ఇదేనా దాదా? నేను లీలాబాయిని. అంబదాస్ పెండ్లాన్ని."

"ఇప్పుడు నిన్ను తోలిండా?"

"ఆయన పోయిండు దాదా. నెల దాటింది. గుండె ఆగింది."

రాజలింగు గేటు తీశాడు. లీలాబాయి బయటే నిలబడి చెప్పింది.

"కేసుల ఇరికిస్తరని ఠాణాకు పోనీకె భయపడ్డడు. పేపర్ల మీ బిడ్డ ఫోటో చూసి, ఊరు ఎతుక్కుంట మీ ఇంటికి వచ్చిండు. చెప్పినవా అని అడిగితే ఏడ్సిండే గని జవాబియ్యలే. గది తెల్సుకుందామనే వచ్చిన. చెప్పిండా?"

"ఏం చెప్తడు? లారోళ్ల మనిషే గద?"

లీలాబాయి బిత్తరపోయి చూసింది.

"లారోళ్లెవరో మాకేం ఎరుక దాదా? 108 వచ్చేదాక మీ బిడ్డ తల ఒళ్లె పెట్టుకొని కూసున్నది ఆయననే; ‘మా బాపుకు చెప్పు’ అని గా పిల్ల ఏందో చెప్పిందట, గది వాళ్ల బాపుకే చెప్పాలనుకుంట నాకు సుత చెప్పకుండనే పోయిండు."