ముందు చెప్పు, తర్వాత వెయ్యి

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. ఆరేళ్ల అక్క, నాలుగేళ్ల తమ్ముడు, సోఫా కింద దాక్కున్న పిల్లి, ఈ ముగ్గురి వెనకా పరిగెత్తి పరిగెత్తి కొంగు బొడ్లో దోపుకున్న ఒక ఆవిడ.

బెల్ మోగింది. ఆవిడ తలుపు తీసింది. గుమ్మంలో పెద్ద రంగుల పెట్టెతో ఒక అమ్మాయి.

"నమస్తే మేడమ్. మీ పిల్లలు టీవీ వదలడం లేదా? ఒక్కచోట కూర్చోవడం లేదా? మా ఆటల పెట్టె..."

"ముందు లోపలికి రామ్మా."

పెట్టెల అమ్మాయి తెల్లబోయింది. గుమ్మంలోనే నిలబెట్టి పంపేవాళ్లను చూసింది గానీ, ఇలా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేవాళ్లను చూడలేదు. ఈ రోజు తన పంట పండిందనుకుంది.

ఆవిడ గొంతు తగ్గించింది.

"సాయంత్రం ఆవిడ వస్తారు. రాగానే పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఈ రోజు ఏం నేర్చుకున్నారని అడుగుతారు. పొద్దున్నుంచీ వీళ్లు నేర్చుకున్నది ఒక్కటే, తోక లాగితే పిల్లి అరుస్తుందని. ఇదే చెప్పారంటే రేపట్నుంచి ఈ ఇంట్లో నాకు చోటుండదు."

పెట్టెల అమ్మాయికి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. అత్తగారు. తన ఇంట్లోనూ ఒకరున్నారు.

"నాకు వదిలెయ్యండి మేడమ్. ఆవిడ చేత శభాష్ అనిపించే పూచీ నాది."

"మంచినీళ్లు తాగుతావా?"

ఆవిడ వంటింట్లోకి వెళ్లి ఒక అలమర తీసింది. మూసింది. ఇంకొకటి తీసింది. గ్లాసులు కనపడలేదు. చివరికి అక్కే వెళ్లి తెచ్చింది. అత్తగారి భయం మనిషిని ఎంత కంగారు పెడుతుందో అని జాలిపడింది పెట్టెల అమ్మాయి.

పెట్టె తెరిచి చెక్క అంకెలు నేల మీద పరిచింది. తమ్ముడు ఏడును తుపాకీ చేసుకున్నాడు. అక్క ఎనిమిదిని పిల్లికి కళ్లజోడుగా పెట్టబోయింది.

"అయితే ఈ పెట్టె లేకుండా పిల్లల్ని కూర్చోబెట్టడం ఎవరివల్లా కాదంటావు," అంది ఆవిడ అమాయకంగా.

ఆ మాట పెట్టెల అమ్మాయికి చురుక్కుమంది.

"నాకు పెట్టెతో పనేంటి మేడమ్? ఒక బకెట్టు నీళ్లు ఇవ్వండి, చాలు."

బకెట్టు వచ్చింది. వంటింట్లోంచి బంగాళాదుంప, నిమ్మకాయ, చెంచా, సీసా మూత వచ్చాయి.

"మునుగుతుందా, తేలుతుందా? ముందు చెప్పు, తర్వాత వెయ్యి."

"తేలుతుంది," అన్నాడు తమ్ముడు.

బంగాళాదుంప బుడుంగుమంది.

"దుంప మోసం చేసింది," అన్నాడు తమ్ముడు. మళ్లీ వేశాడు. మళ్లీ మోసం చేసింది. వాడి చూపు సోఫా కిందికి వెళ్లింది.

"పిల్లి జోలికి వెళ్లావంటే అమ్మకు చెప్తా," అంది అక్క.

వాడు బుద్ధిగా నిమ్మకాయ అందుకున్నాడు.

మునిగినవి ఒక పక్క, తేలినవి ఒక పక్క పెట్టారు. లెక్కపెట్టారు. ఏ పక్క ఎక్కువో, ఎన్ని ఎక్కువో పోట్లాడుకుని మరీ తేల్చారు. టీవీ ఊసే లేదు. ఆవిడ పక్కనే కూర్చుని పాఠం బట్టీ పడుతున్నట్టు పెదవులు కదుపుతోంది. ముందు చెప్పు, తర్వాత వెయ్యి.

"మరి రేపో?"

"గిన్నెలన్నీ వాళ్ల ముందు పోసి మూతలు వెతికించండి."

"ఎల్లుండికి?"

"గది ఎన్ని జానలుందో కొలిపించండి. అసలు కిటుకు ఒకటుంది మేడమ్. ఏదీ మీరు చెప్పకండి. వాళ్ల చేతే చెప్పించండి."

అడిగితే ఆగే మనిషి కాదు పెట్టెల అమ్మాయి. నెల రోజులకు సరిపడా ఆటలు అక్కడే ఒలకబోసింది.

గేటు చప్పుడైంది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"వచ్చేశారు. నువ్విలా కనిపిస్తే బాగుండదమ్మా. వెనక నుంచి వెళ్లి, కాసేపాగి ముందు తలుపు బెల్ కొట్టు."

"ఈలోగా నా సంగతి చెప్తారుగా?" అంది పెట్టెల అమ్మాయి, అంకెలు పెట్టెలో వేసుకుంటూ.

"నీ మేలు ఈ జన్మలో మర్చిపోతానా?"

వెనక తలుపనుకుని ఆవిడ తెరిచింది బట్టల అలమర. అసలు తలుపు తమ్ముడు చూపించాడు.

పెట్టెల అమ్మాయి ఇల్లు చుట్టి వచ్చి కిటికీ పక్కన నిలబడింది. లోపల తమ్ముడు ఎవరినో గద్దిస్తున్నాడు.

"అలా కాదు. ముందు చెప్పు, తర్వాత వెయ్యి."

బుడుంగుమని చప్పుడు. ఎవరో పకపకా నవ్వారు. అత్తగారు కూడా బుట్టలో పడ్డట్టే అనుకుంది పెట్టెల అమ్మాయి. జుట్టు సర్దుకుని, పెట్టె మీది దుమ్ము చున్నీతో తుడిచి, బెల్ కొట్టింది.

తలుపు తెరుచుకుంది. తీసిన మనిషికి తెల్లజుట్టు లేదు. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతోంది, చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి.

"పెట్టెలేం వద్దమ్మా, మా పిల్లలకు ఈ రోజే బంగారంలాంటి టీచరమ్మ దొరికారు," అని ముందు చెప్పి, తర్వాత తలుపు వేసింది వాళ్లమ్మ.