పాదాల వంక చూసే మనిషి

మా తనకల్లు చుట్టుపక్కల భయమెరగని మనిషి ఇంతవరకు ఒక్కడే పుట్టాడు. వాడు రామాంజి.

చేనుగట్టు మీద చిరుతపులి ఎదురైతే, "పక్కకు జరుగప్పా, మూట బరువుగా ఉండాది" అని దానికే చెప్పి, నెత్తిన శనక్కాయ మూటతో దాటిపోయినవాడు. పులి జరిగింది కూడా.

అంతటి రామాంజి కదిరిలో జిమ్ము మెట్ల మీద నిలబడి, తలుపు చాటుకు జరుగుతున్నాడు.

కారణం, ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చున్న మనిషి.

పక్కన చేతికర్ర. ఈడ్చే కాలు. ముఖం వంక చూడడు, రామాంజి పాదాల వంకే చూస్తాడు. కొన్నాళ్లుగా ఇదే వరస.

మొదట్లో ఒకసారి దగ్గరికొచ్చి, "అప్పా, ఆ బూట్లు..." అన్నాడు. మిగతా మాట వినకుండా రామాంజి లోపలికి పరుగెత్తాడు. బెంగళూరులో మోజుపడి కొన్న బూట్లవి. పరుపులాంటి అడుగులు. కాలు మోపితే మెత్తగా దిగి మెత్తగా లేస్తాయి.

"కుళ్లాయప్పన్నా, ఆయప్ప ఎవరన్నా?"

జిమ్ము నడిపే కుళ్లాయప్ప బయటికి తొంగి చూశాడు. బస్సు అడ్డమొచ్చింది. అది దాటేసరికి బల్ల ఖాళీ.

"యాడప్పా? ఎవురూ ల్యారే."

"కర్ర పట్టుకోనుండాడు. నా కాళ్లే చూస్తాండాడు."

కుళ్లాయప్ప గొంతు తగ్గించాడు. "కాళ్లా? శానా రోజుల కింద ఈడ హరినాథు అని ఒకాయన బరువులు ఎత్తుతాండె. ఈ రాడ్డే. కాళ్లు వణికినాయంట, పడినాడంట. ఆస్పత్రికి తీస్కపోతే మళ్లా రాల్యా. భయంతోనే సచ్చిపోయినాడంటారు. నేను చూళ్ల్యా, జిమ్ము కొనేటప్పుడు చెప్పినారు."

రామాంజి లోపలున్న రాడ్డు వంక చూశాడు. వాడి కాళ్లూ వణుకుతున్నాయి మరి. రాడ్డు భుజాల మీద పెట్టుకుని, గుంజీ తీసినట్టు కూర్చుని లేవాలి. కిందికి కూర్చున్నప్పుడల్లా మడమలు అటూ ఇటూ ఊగేవి. మొన్న పక్కవాళ్లు పట్టుకోకపోతే రాడ్డు మెడ మీదికే వచ్చేది.

"ఈ పొద్దు పోటీలకు సెలక్షను," అన్నాడు కుళ్లాయప్ప. "పుట్టపర్తి నుంచి పెద్దాయన వచ్చినాడు. ఈ తూరి గూడా వణికితే ఇంగ నిన్ను రాడ్డు ముట్టనియ్యను. నీకేమన్నా అయితే మీ నాయనకు నేనేం చెప్పాల?"

బూట్లు గడప బయట విడిచి, ఆంజనేయస్వామి పటానికి మొక్కి, మళ్లీ తొడుక్కుని రాడ్డు పట్టడం అక్కడి పద్ధతి. రామాంజి అందరికంటే ఎక్కువసేపు మొక్కాడు.

వచ్చి చూస్తే బూట్లు లేవు.

వాటి చోట ఎవరివో పాత బూట్లు. గట్టి అడుగులు, చెక్క మడమలు. పాతవే గానీ అడుగులు అరగలేదు. ముందు వైపు గుడ్డపీలికలు కూరి ఉన్నాయి.

వీధిలో కర్ర చప్పుడు. ఆ మనిషి సంచి పట్టుకుని పోతున్నాడు. రామాంజి పరుగున పోయి చెయ్యి పట్టుకున్నాడు.

"నా బూట్లు యాడికి తీస్కపోతాండావు?"

"వాటితో ఎత్తొద్దప్పా. అవి..."

మాట పూర్తికాకుండానే, ఆ మనిషి పక్కన పోతున్న ట్రాక్టరు తొట్టిలోకి సంచి విసిరేశాడు. భయమో కోపమో తెలియదు, రామాంజి తోసేశాడు. ఆ మనిషి రోడ్డు మీద పడ్డాడు.

దయ్యం చెయ్యి మంచులా ఉంటుందని విన్నాడు రామాంజి. తాను పట్టుకున్న చెయ్యి మాత్రం వెచ్చగా ఉండింది.

"రామాంజీ, పేరు పిలుస్తాండారు. బూట్లు ల్యాకుంటే ఎత్తనియ్యరు," లోపలి నుంచి కుళ్లాయప్ప కేక.

వేరే దారి లేదు. ఆ పాత బూట్లే తొడుక్కున్నాడు.

రాడ్డు భుజాల మీదికి వచ్చింది. కూర్చున్నాడు. వణుకు కోసం ఎదురుచూశాడు. ఇప్పుడొస్తుంది, ఇదిగో వస్తుంది.

రాలేదు. కాళ్ల కింద బండలా నేల ఉంది. లేచాడు.

అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ ఊగింది కాళ్లు కాదు, కాళ్ల కింది పరుపు.

ఈలలు వేస్తున్నవాళ్లను తోసుకుని బయటికి ఉరికాడు. టీ అంగడి తిప్పమ్మ గ్లాసులు కడుగుతోంది.

"అక్కా, ఆ కర్రాయన యాడ?"

"హరినాథన్ననా? మడకశిర బస్సెక్కె. చెల్లెలి ఇంటికి. ఇంగ ఈ పక్క రానన్యాడు."

"హరినాథు... సచ్చిపోల్యా?"

"సచ్చినోడు దినామూ నా కాడికొచ్చి చక్కెర ఎక్కువెయ్యమంటాడా? నడుమిరిగింది, అంతే. నీ మాదిరే మెత్త బూట్లతో ఎత్తినాడంట. పడినాక తెలిసొచ్చి గట్టివి కొన్యాడు. వాటితో ఎత్తే రాత రాల్యా. నీ పాదాలు చూసి చూసి కొలత పట్టినాడు. పొద్దున నా కాడ పాతగుడ్డ అడిగి, ఆ బూట్లలో కూరి నీకు పెట్టినాడు."

రామాంజి కాళ్ల వంక చూసుకున్నాడు.

"పడిన గడపకాడికే మళ్లా వచ్చినాడే, ఆయప్పకు భయం కాల్యాదా అక్కా?"

"తోసేదానికి ముందు అడగాల్సింది," అంది తిప్పమ్మ.

ఇంతకీ చిరుతపులిని నమ్మారా? అది నక్క. రామాంజి మూట పారేసి చింతచెట్టు ఎక్కాడు.

భయమెరగని మనిషి ఒక్కడే పుట్టాడన్నది మాత్రం నిజం. అక్కడ నేను పెట్టిన పేరే తప్పు. ఆ మనిషి మడకశిర బస్సెక్కి పోయాడు.