ఇంకొంచెం పక్కకు

చీకటి పడ్డాక వచ్చే ఒంటి పెట్టె రైలును ఫొటో తీయాలని, కిర్యూ అనే కుర్రాడు ఏటి గట్టున చెర్రీ పూల కింద కాచుకున్నాడు. ఒక ముసలాయన కెమెరాకు అడ్డొచ్చాడు.

"జరుగు తాతా. రైలుకంటే నువ్వే అందంగా ఉన్నావనుకున్నావా?"

"తప్పయింది నాయనా. ఇక్కడైతే సరేనా?"

"ఇంకా," అన్నాడు కిర్యూ, కెమెరాలోంచి కన్ను తీయకుండానే. మళ్ళీ మళ్ళీ అన్నాడు.

రైలు వెళ్ళిపోయాక తలెత్తి చూశాడు. ముసలాయన జరిగిన వైపు గట్టే లేదు, అంతా ఏరే. నీళ్ళలో ఏదైనా పడిన చప్పుడు మాత్రం కాలేదు.

"ఇక్కడైతే సరేనా నాయనా?" ఏటి నడుమ నుంచి అదే మెత్తని గొంతు.

సిగ్గుతో కిర్యూ కెమెరా దించాడు. క్షమించమన్నట్టు ఆ చీకటి ముందు నడుము వంచాడు.

"అంతగా వంగి అడగాలా? జరుగుతాలే," అంది గొంతు, ఇంకా దూరం నుంచి.