రాజుగారి ఎడమ కన్ను

ఫిన్నీ మాస్టారిని రేపల్లెలో సమాధి చేసిన రోజునే రాజుగారి ఎడమ కన్ను పోయింది.

రాజుగారంటే యుద్ధకాలంలో సైనిక దుస్తుల్లో ఉన్న ఇంగ్లండు రాజు బొమ్మ. చెక్కముక్కలుగా కోసి ఉంటుంది, మళ్ళీ పేర్చుకోవాలి. మిషన్ బంగళా ఖాళీ చేసినప్పుడు దొరసాని మాస్టారికి ఇచ్చి వెళ్ళింది. సెలవుల్లో మాస్టారూ, ఆయన భార్య కరుణశ్రీ కలిసి పేర్చేవారు. ఆఖరి ముక్క తానే పెట్టాలని మాస్టారు ఒకదాన్ని ముందుగానే ఆదివారం గుడికి వేసుకునే కోటు జేబులో దాచేవారు. ఈసారీ దాచారు. జేబు చూడకుండానే కరుణశ్రీ ఆయనకు ఆ కోటు తొడిగించి సాగనంపింది.

"ఒక్క ముక్క కోసం సమాధి తవ్విస్తావా ఏంటి, వదినా?" అంది ఆడపడుచు ప్రేమకుమారి, తెనాలి బస్సు ఎక్కబోతూ.

"తవ్వించనులే. తన చేత్తో పెట్టకుండానే వెళ్ళిపోయారు. అదే నా బాధ."

ఆ రాత్రి కరెంటు పోయింది. వంటింట్లో కొవ్వొత్తి వెతుకుతుంటే ముందుగదిలో చిన్న చప్పుడైంది. చెక్కముక్కను బొటనవేలితో నొక్కి కూర్చోబెట్టిన చప్పుడు. ఆపైన ఏ అలికిడీ లేదు.

కొవ్వొత్తి పట్టుకుని వచ్చి చూసింది. రాజుగారు రెండు కళ్ళతోనూ చూస్తున్నారు. ఎడమ కన్ను తాకితే వేలికి తడిమట్టి అంటింది. గుండె కుదుటపడింది.

"చాలా సంతోషమండి," అంది మెల్లగా. "కూర్చోండి, టీ పెడతాను."

ఆమె వంటింట్లోకి వెళ్ళాక కుర్చీ కిర్రుమంది.

టీ కాగింది. రెండు కప్పుల్లో పోసింది. ముందుగదిలోకి ఇంకా తీసుకువెళ్ళలేదు.