భుజం మీద కెమెరా

"కదలొద్దన్నానా!"

పాండురంగయ్య కాస్త గట్టిగానే అన్నాడు. ముందు వరసలో చాపల మీద కూర్చున్నవాళ్ళు సినిమా వదిలేసి ఇటు చూశారు.

"దోమండీ," అంది సుబ్బరత్నం. "ఈసారి కదలను, తియ్యండి."

పెడన నేతకాలనీ మైదానంలో ఏటా ఒకసారి తెర కట్టి సినిమా వేస్తారు. తెర పక్కన స్టూలు మీద, జనం వైపు తిరిగి, సుబ్బరత్నం కూర్చుంటుంది. ఆమె వెనక మోకాళ్ళ మీద ఆమె మొగుడు, ఆమె భుజం మీద అతని కెమెరా. మూడు కాళ్ళ స్టాండు పెడితే చీకట్లో ఎవరైనా తగిలి పడతారని కాలనీవాళ్ళు ఒప్పుకోరు. తెర వెలుగులో కాలనీ మొహాలన్నీ ఒకే ఫొటోలో పడాలంటే షట్టరు అర సెకనైనా తెరిచి ఉండాలి. ఆ అర సెకనూ ఇద్దరూ ఊపిరి బిగబట్టాలి. ఇరవై ఏళ్ళుగా అలా ఏడాదికొక ఫొటో తీసి, విజయవాడ వన్ టౌన్‌లో పెద్ద ప్రింటు వేయించి, నేతసంఘం గోడకు తగిలిస్తున్నాడు పాండురంగయ్య. ఆ ఇరవై ఏళ్ళూ సుబ్బరత్నం తెరకు వీపు పెట్టే కూర్చుంది. ఒక్క సినిమా చూడలేదు.

ఇదే ఆఖరి సినిమా. మైదానం అమ్ముడైపోయింది. రేపటినుంచి ప్లాట్ల రాళ్ళు పాతుతారు.

కెమెరా క్లిక్‌మంది. చూస్తే ఒక్కో మనిషికి రెండేసి మొహాలు.

"మళ్ళీ కదిలావు!"

"అవునండీ. కాలు తిమ్మిరెక్కింది."

దసరా నుంచి ఇదే వరస. పగటి ఫొటోలు నిక్షేపంగా వస్తున్నాయి, ఆమె భుజం మీద పెట్టి తీసే రాత్రివే అలుక్కుపోతున్నాయి. కెమెరాని రెండుసార్లు విజయవాడ తీసుకెళ్ళి చూపించాడు. ఏ లోపమూ లేదన్నారు. కెమెరాలో లేకపోతే ఇక లోపం ఎక్కడున్నట్టు? భుజంలోనే. పాండురంగయ్య ఆలోచన అంతటితో ఆగింది.

మగ్గం మీద పాత పోగుకు కొత్త పోగు అతకడం సుబ్బరత్నం పని. వెంట్రుకంత పోగులు, వేలకి వేలు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా చెయ్యి చెదరదు. కాలనీలో అందరికీ తెలిసిన ఆ సంగతి మొగుడికే గుర్తు లేదు.

ఇంటర్వెల్‌లో ఆమె ఫ్లాస్కు తీసింది. తన గ్లాసు అంచుదాకా నింపుకుని, అతనికి సగం పోసి ఇచ్చింది.

"నాకెప్పుడూ సగమేనా? టీ దగ్గర కూడా పిసినారితనమే!"

"చల్లారిపోతుందనండీ. అది తాగితే ఇంకో సగం పోస్తాగా."

ప్రొజెక్టరు తెచ్చిన లాజరు అటుగా వచ్చాడు. "ఇంకో గంటే పాండురంగయ్యగారూ. ఫోన్లో తీసేసుకోరాదాండీ?"

"ఫోన్లో మొహాలన్నీ పౌడరు కొట్టినట్టొస్తాయి. గోడకి పనికిరావు," అన్నాడు పాండురంగయ్య చిరాగ్గా.

సినిమా మళ్ళీ మొదలైంది. నవ్వు సీన్లలో జనం ఊగిపోతారు, ఏడుపు సీన్లలో బిగుసుకుపోతారు. అతను ఏడుపు కోసం కాచుకున్నాడు. తెర మీద తల్లి కొడుకుని చూసి బావురుమంది. మైదానమంతా కదలడం మానేసింది. నొక్కాడు. మళ్ళీ అదే అలుకుడు.

"లే! నువ్వు లే ముందు. ఇరవై ఫొటోల పక్కన నీ పుణ్యమా అని ఖాళీ మేకు మిగులుతుంది. పోయి ఆడాళ్ళలో కూర్చో."

ఆమె లేచింది. "పోన్లే పిన్నీ, ఇవాళన్నా సినిమా చూడు," అని ఎవరో జరిగి చోటిచ్చారు.

పాండురంగయ్య కెమెరాని పక్కనున్న పిట్టగోడ మీద పెట్టాడు. అక్కణ్ణుంచి సగం మందే కనిపిస్తున్నారు. అయినా గోడ కదలదు కదా. ఊపిరి బిగబట్టి నొక్కాడు. ఒక్కో మనిషికి రెండేసి మొహాలు. ఇంకోటి తీశాడు. అదీ అంతే.

కుడిచెయ్యి చాపి తెర వెలుగులో పెట్టి చూసుకున్నాడు. చూపుడువేలు సన్నగా వణుకుతోంది. ఎడమచేత్తో పట్టుకుంటే ఆగింది. వదిలితే మళ్ళీ మొదలెట్టింది.

సగం గ్లాసు గుర్తొచ్చింది. అదీ దసరా నుంచే. ఆ తర్వాత, అందరి ముందూ ఆమెను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

వెళ్ళి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. "రత్నం, నువ్వు కదల్లేదు కదూ?"

"కదిలానండీ. దోమని చెప్పాగా."

"నాకు తెలిసిపోయిందే." కెమెరా ఆమె చేతుల్లో పెట్టాడు. "నువ్వు తియ్యి. ఐదు నిమిషాలే ఉంది. మోచేతులు ఒంటికి ఆనించు. ఊపిరి బిగబట్టి మెల్లిగా నొక్కు. అంతే."

"నాకేం తెలుసండీ..."

"ఇది పోతే ఇంక లేదు రత్నం. నీ చెయ్యి చెదరదు. నా మాట విను."

ఆమె తెర పక్కకెళ్ళి నిలబడింది. ఆఖరి ఏడుపు సీను నడుస్తోంది. జనం కళ్ళు తెర మీదే ఉన్నాయి. ఆమె చేతుల్లో కెమెరా గోడకు కొట్టినట్టు ఆగిపోయింది. తను మంచి వయసులో ఉన్నప్పుడు కూడా అంత నిలకడగా పట్టుకోలేదనుకున్నాడు పాండురంగయ్య.

క్లిక్‌మంది. తెర మీద శుభం పడింది. లైట్లు వెలిగాయి. జనం చాపలు దులుపుకుంటూ లేచారు.

అతను గబగబా కెమెరా అందుకుని చూశాడు. ఈ కొసనుంచి ఆ కొసదాకా కాలనీ మొత్తం అలుక్కుపోయి ఉంది. ఒక్క మొహమూ ఆనవాలు పట్టేలా లేదు.

"చూశారా, నేనే కదులుతున్నానంటే నమ్మరు కదా," అంటూ సుబ్బరత్నం ఫ్లాస్కు వంచి, ఒక్క చుక్క ఒలక్కుండా, అతని గ్లాసులో సగం వరకే టీ పోసింది.