గోడలు తిట్టిన ఇల్లు

"ఎవ్వరికీ చెప్పనని మాటిచ్చిన బిడ్డా. ముప్పై నాలుగేండ్లు కడుపుల దాసుకున్న ముచ్చట ఇది."

రుక్కమ్మ అలా తేల్చేసరికి పరిశోధక విద్యార్థిని అంబిక రాత ఆపింది. ఆమెను ఒప్పించడం కలెక్టరు వల్ల కూడా కాదని వికారాబాద్ నుంచి తాండూరు దాకా కారులో ప్రొఫెసర్ బాల్‌రాజ్ హెచ్చరిస్తూనే వచ్చాడు.

వచ్చే నెల ఆయన రిటైర్మెంటు. లేని గొంతులు మెదడులో ఎలా పుడతాయన్నదే ఆయన జీవితమంతా చేసిన పరిశోధన. కుర్ర డాక్టరుగా తాండూరు దవాఖానాలో చేరినప్పుడు ఈ ఇంట్లోనే అద్దెకున్నాడు. ఇక్కడ దగ్గరగా చూసిన జబ్బే తనకు ఈ దారి చూపిందనీ, తన డిగ్రీలన్నీ ఈ ఇంటి పుణ్యమేననీ ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవాడు. ఇప్పుడు ఆ జబ్బు పడ్డ మెదడు, మనిషి పోయాక, పరిశోధనకు రాబోతోంది. అయితే పక్కనుండి చూసినవాళ్ళు జబ్బు సంగతంతా చెప్పి రాయించకపోతే అది ఎందుకూ కొరగాదు. రోగి వినేచోట అడగకూడదనీ, పేరు చివర్లోనే రాయాలనీ సార్ పెట్టిన నియమం. అందుకే సారూ, రుక్కమ్మ భర్త బీరయ్యా బయట బండల అరుగు మీద కూర్చుని గొర్రెల సంగతులు మాట్లాడుకుంటున్నారు.

"ఆయన ఒప్పుకున్నడా?" రుక్కమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఒప్పుకోకపోతే సార్ నన్ను తీసుకొస్తారా అమ్మా?"

రుక్కమ్మ లేచి తలుపు ఓరగా వేసి వచ్చింది. ఇక ఆగలేదు. వారం రోజులు కన్ను మూయలేదట. గోడలు తిడుతున్నాయని గునపంతో సున్నమంతా పెళ్ళగించాడట. అన్నంలో విషం కలిపారని పస్తులుంటే, ప్రతి ముద్దా ముందు తాను తిని చూపించి పెట్టిందట. దయ్యం పట్టిందన్న వాళ్ళ నోళ్ళు మూయించి, మనిషిని గొంగట్లో చుట్టి, రైలెక్కించి పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయిందట.

"మందు కనిపెట్టినోళ్లు సల్లగుండాలె. ఆర్నెల్లకు మనిషి మనిషయిండు. గప్పటిసంది, యాడున్నా సరే, మాత్ర మింగినవా అని నేనడగని రోజు లేదు. గా తలకాయ నలుగురికి పనికొస్తదంటే నాకంటె సంబురపడేటోళ్లు ఎవరుంటరు?"

అంబికకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు చదివిన చదువు ఈమె ముందు ఏపాటిదనిపించింది. రుక్కమ్మ చేతులు రెండూ పట్టుకుని, "మీరు బతికించారమ్మా," అంది. రుక్కమ్మ సిగ్గుపడి, చాయ్ పెడతానంటూ వంటింట్లోకి పోయింది.

అంబిక కాగితాలు తీసుకుని అరుగు మీదికి వచ్చింది. దాత సంతకం ఎక్కడ చేయాలో బీరయ్యకు వేలితో చూపించింది.

ఆయన నవ్వి, "నాకెందుకు బిడ్డా," అంటూ కాగితాన్ని పక్కకు జరిపాడు.

దాతగా సంతకం చేసింది ప్రొఫెసర్ బాల్‌రాజ్.