మొదటి గ్లాసు

ఒహాయోలోని మా ఊరికి కుళాయిలొచ్చిన రోజున మేయర్ అలాంజో ప్రూయిట్ వెండి జగ్గులోంచి మొదటి గ్లాసు వంచుకుని గడగడా తాగాడు. బ్యాండు మోగింది. మంచినీళ్ళు తెస్తానని మూడు ఎన్నికలు గెలిచినవాడు ఎట్టకేలకు తెచ్చాడని మేం టోపీలు ఎగరేశాం.

మూడో వారంలో టైఫాయిడ్‌తో పోయాడు.

కుళాయి నీళ్ళే చంపాయని ఊరు గగ్గోలెత్తింది. కుళాయిలు మూసెయ్యాలని కౌన్సిల్లో మేం చేతులెత్తబోతుంటే, ఆయన వంటమనిషి హొనోరా తలుపు తోసుకుని వచ్చింది.

"ఆగండయ్యా! ఆ జగ్గు నింపింది నేను. అవి మా పెరటి బావి నీళ్ళు. 'కుళాయి నీళ్ళు ఊళ్ళోవాళ్ళకి, నాకెందుకే' అన్నారు అయ్యగారు. రోజూ కుళాయి నీళ్ళు తాగే నేను గుండ్రాయిలా ఉన్నా, చూడండి!"

"మరి బావి నీళ్ళకేం రోగం?" అన్నాను.

"పక్కనే మరుగుదొడ్డి గొయ్యి. పూడ్పించండని ఎంత మొత్తుకున్నా, 'మేయర్ బావికే వంకలు పెడతావా' అని కసిరేవారు."

కుళాయిలు బతికాయి. మేయర్ పరువు ఊరి పరువు కదా, నోరు మూసుకుని వీధి కుళాయి పక్కన రాయి పాతించాం: 'ఈ నీళ్ళు మొదట తాగిన మహానుభావుడు.'

హొనోరా బకెట్టు నిండగానే రోజూ ఆ రాయి మీద ఓ దోసెడు చల్లుతుంది.

"ఇప్పుడన్నా తాగండి, అయ్యగారూ."